ప్లాటినం చెప్పే పాఠం
దూరప్రయాణపు మోటారు సైకిలుకు ట్యూనరు, సైలెన్సరు ఎంపిక

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా హోసూరులో పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవై ఐదేండ్లు నిండితే రజతోత్సవమని, యాభై ఏండ్లు నిండితే స్వర్ణోత్సవమని, డెబ్బై ఐదేండ్లు నిండితే ప్లాటినం ఉత్సవమని పేర్లు పెట్టుకోవడం లోకాచారం. వెండి, బంగారం కొద్దో గొప్పో ప్రతి ఇంటా ఉంటాయి. ప్లాటినం మాత్రం తమ ఇంట లేదని చాలామంది అనుకొంటారు. ఆ అనుకోవడంలో చిన్న పొరపాటు ఉంది. ఈ ప్రాంగణం వెలుపల చెట్టు నీడన వరుసగా నిలిపిన మోటారు సైకిళ్లలో ఇటీవలి కాలపు పెట్రోలు బండి ప్రతిదానిలోను ప్లాటినమో, దాని తోబుట్టువులైన పెల్లేడియం, రోడియం లోహాలలో ఏదో ఒకటో, రవ్వంత ఉంది. అది కంటికి కనబడదు. పొగ వెళ్లే గొట్టంలో, తేనెపట్టు వంటి సన్నని గదుల గోడలకు పూతగా అంటిపెట్టుకొని ఉంటుంది. దానిని తీసి పారవేయించడానికి డబ్బు చెల్లించే యువకులు కూడ ఈ ఊరిలో ఉన్నారు. నేటి ప్రసంగం ఆ విచిత్రాన్ని గురించినదే.

పాఠశాల ఉత్సవంలో సైలెన్సరు ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. హోసూరు వంటి ఊరిలో ఆ సందేహానికి తావు లేదు. ఇద్దరు కూర్చొని పోదగిన టీవీఎస్ 50 మోపెడు 1980లో ఈ ఊరి కర్మాగారం నుండే వెలువడింది. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం మాట్లాడుతూ పెరిగిన ఎన్నో కుటుంబాలకు రెండు చక్రాల బండ్ల పరిశ్రమే అన్నం పెట్టింది. పొరుగున మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, ఇంగ్లండులో పుట్టిన బుల్లెట్టుకు తిరువొత్తియూరును పుట్టినిల్లంతటి మెట్టినిల్లుగా చేసింది. ఊరి ప్రక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన అనంతపురం, కర్నూలు, హైదరాబాదుల మీదుగా శ్రీనగరం వరకు, దక్షిణాన కన్యాకుమారి వరకు సాగుతుంది. ఇంటి ముంగిట అంత పొడవైన దారి పరచి ఉండగా యువకుల మనస్సు నిలకడగా ఉండడం కష్టం. చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, నాలుగు జీతాలు చేతికి రాగానే చాలామందికి కలిగే మొదటి కోరిక దూరప్రయాణానికి తగిన బండి కొనడం. రెండవది దానికి క్రొత్త సైలెన్సరు, దాని వెంట ట్యూనరు అమర్చడం. ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటలు తెగేది సాధారణంగా ఆ రెండవ కోరిక దగ్గరే. తండ్రి వద్దంటాడు, ఎందుకు వద్దో చెప్పలేడు. కొడుకు కావాలంటాడు; ఎందుకు కావాలో అతడూ చెప్పలేడు. కారణం తెలియని నిషేధము, కారణం తెలియని కోరిక ఎదురుబడితే మిగిలేది కోపమే. కారణాలను విడమరచి చెప్పడం పాఠశాల పని.

మొదట ఇంజను శ్వాసను తెలుసుకోవాలి. నాలుగు దశల ఇంజను గాలిని పీల్చుకొంటుంది, నొక్కుతుంది, మండించి బలం పుట్టిస్తుంది, కాలిన వాయువును వదలుతుంది. పెట్రోలు సంపూర్ణంగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ లెక్క బరువును బట్టి చెప్పేది. ఇథనాలు కలిసిన కొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది. ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు 13.5 దరిదాపుల్లో ఉంటుంది. గాలి అవసరానికి మించితే మిశ్రమం పలుచబడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, లోపల టకటకమని కొట్టుకొంటుంది, చివరకు వాల్వులు, పిస్టను దెబ్బతింటాయి. పెట్రోలు అవసరానికి మించితే మిశ్రమం చిక్కబడుతుంది. ప్లగ్గు మసిబారుతుంది, నల్లని పొగ వస్తుంది, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగివేస్తుంది. పూర్తి బలం కావలసినప్పుడు కొంచెం చిక్కని మిశ్రమం, నిలకడగా సాగుతున్నప్పుడు సరిసమానమైన మిశ్రమం ఇంజనుకు మేలు చేస్తాయి. అన్నం ఉడకడానికి ఎసరు కొలత ఎటువంటిదో ఇంజనుకు ఈ పాళ్లు అటువంటివి.

వెనుకటి బండ్లలో ఈ కొలతను కార్బురేటరు చూసుకొనేది. అనుభవజ్ఞుడైన మెకానిక్కు చెవి ఒగ్గి విని, స్క్రూ డ్రైవరును పావు చుట్టు త్రిప్పి, ప్లగ్గు రంగు చూసి సరిచేసేవాడు. ఆ విద్యకు గౌరవం ఇవ్వవలసిందే. తరువాత కాలం మారింది. 2016లో వెలువడిన 411 సీసీ హిమాలయన్ మొదట కార్బురేటరుతోనే వచ్చింది. 2017లో బీఎస్ 4 నియమాలతో పాటు దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ అమరింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నియమాలు అమలులోకి వచ్చిన తరువాత దూరప్రయాణపు బండ్లన్నిటిలోను ఈసీయూ అనే చిన్న కంప్యూటరే పెట్రోలును కొలిచి పోస్తోంది. అందులో ఎక్కాల పుస్తకం వంటి పట్టిక ఉంటుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది, యాక్సిలరేటరు ఎంత తెరిచి ఉంది అన్న రెండు అంకెలు కలిసే గడిలో ఎంత పెట్రోలు పోయాలో వ్రాసి ఉంటుంది. దీనినే మ్యాపు అంటారు. సైలెన్సరు గొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సారు కాలిన వాయువులో మిగిలిన ప్రాణవాయువును గమనించి, హెచ్చుతగ్గులను కంప్యూటరుకు తెలుపుతూ ఉంటుంది. నిలకడగా పోతున్నప్పుడు కంప్యూటరు ఈ కబురును ఆలకించి తన తప్పును తానే దిద్దుకొంటుంది. యాక్సిలరేటరును పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం ఆ కబురును ప్రక్కన పెట్టి పట్టికనే నమ్ముకొంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ట్యూనరు ఎప్పుడు అవసరం, ఎప్పుడు అనవసరం అన్నది సగం తేలిపోతుంది.

ఇక సైలెన్సరు సంగతి. ఇంజను నుండి బయలుదేరే వంపు గొట్టం, నడుమ విషవాయువులను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టరు, చివర మోతను అణచే డబ్బా: ఈ మూడూ కలిస్తే పూర్తి ఎక్జాస్టు. వాడుకలో మూడింటినీ సైలెన్సరనే అంటారు. గొట్టంలో అడ్డు ఎంత తగ్గిస్తే బలం అంత పెరుగుతుందని కొందరు, కొంత అడ్డు ఉంటేనే లాగుడు వస్తుందని మరికొందరు వాదిస్తారు. రెండూ పాక్షిక సత్యాలే. ఇంజనుకు అడ్డంటే ప్రీతి లేదు. కాని వాల్వు తెరుచుకొన్న ప్రతిసారీ కాలిన వాయువు ఒక అలగా గొట్టంలో పరుగెత్తుతుంది. అల గొట్టం చివరను తాకి వెనుకకు మరలుతుంది. అది తిరిగివచ్చే వేళ సరిగా కుదిరితే సిలిండరులో మిగిలిన పొగను లాగివేసి క్రొత్త గాలికి దారి చేస్తుంది. వేళ తప్పితే పొగను తిరిగి లోపలికే నెడుతుంది. గొట్టం పొడవు, వెడల్పు ఆ వేళను నిర్ణయిస్తాయి. కావున మరీ వెడల్పైన గొట్టం వేస్తే హెచ్చు వేగంలో కొంచెం బలం వచ్చినా, మధ్య వేగంలో లాగుడు తగ్గే ప్రమాదం ఉంది. దూరప్రయాణీకుడు రోజంతా గడిపేది ఆ మధ్య వేగంలోనే. వెనుక మనిషి, ఇరుప్రక్కల సంచులు ఉండగా ఘాట్ మలుపులో బండి మెల్లగా, నిబ్బరంగా ఎక్కాలంటే కావలసింది ఆ లాగుడే. పందెపు బండికి హితమైనది యాత్రా వాహనానికి హితం కాకపోవచ్చు.

నడుమ ఉన్న కన్వర్టరు ఉత్సవ లోహానికి నిలయం. ప్లాటినం తన మీదుగా పోయే కార్బన్ మోనాక్సైడును, మండని పెట్రోలు ఆవిరిని హానిలేని వాయువులుగా మార్చడానికి తోడ్పడుతుంది. నైట్రోజన్ ఆక్సైడుల పని ముఖ్యంగా రోడియం చూసుకొంటుంది. ఇంతమందిని మార్చి తాను మారదు. దీనినే రసాయన శాస్త్రంలో ఉత్ప్రేరకమంటారు. సుమారు రెండు వందల యాభై, మూడు వందల డిగ్రీల వేడికి చేరుకొన్నాకనే ఈ పని ఊపందుకొంటుంది. గాలి, పెట్రోలు పాళ్లు సరిగా ఉన్నంతవరకే అది చక్కగా సాగుతుంది. మిశ్రమం చిక్కబడితే మండని పెట్రోలు కన్వర్టరులోకి చేరి అక్కడ మండి, దానిని మితిమీరి వేడెక్కిస్తుంది. అనగా ట్యూనరును తప్పుగా అమర్చితే సైలెన్సరును ముట్టకుండానే ప్లాటినం చెడిపోతుంది.

ట్యూనర్లు స్థూలంగా మూడు విధాలు. మొదటిది సెన్సారును నమ్మించేది. లోపలికి వచ్చే గాలి ఉన్నదానికంటె చల్లగా ఉందని కంప్యూటరుకు తప్పుడు కబురు పంపుతుంది. చల్లని గాలి చిక్కన కాబట్టి కంప్యూటరు పెట్రోలు కొంచెం ఎక్కువ పోస్తుంది. చవక, అమర్చడం సులువు. కాని అన్ని గడులలోను ఒకే తీరుగా పెంచుతుంది. అవసరమైన చోటు, లేని చోటు అన్న వివేకం దానికి ఉండదు. రెండవది కంప్యూటరుకు, ఇంజెక్టరుకు నడుమ కూర్చొని సంకేతాన్ని మార్చేది. గడి గడికీ వేరువేరుగా పెట్రోలును పెంచవచ్చు, తగ్గించవచ్చు. తీసివేస్తే బండి యథాస్థితికి వస్తుంది. కాని వైర్ల జోడింపులు పెరుగుతాయి. ఎడారి దుమ్ములో, కుండపోత వానలో దెబ్బతినేవి ముందుగా ఆ జోడింపులే. మూడవది కంప్యూటరులోని మ్యాపునే తిరగవ్రాసేది. దీనితో పెట్రోలుతో పాటు ప్లగ్గు రవ్వ పుట్టే క్షణాన్ని కూడ దిద్దవచ్చు. అదనపు పెట్టె గాని, వైర్లు గాని ఉండవు. నేర్పరి చేతిలో ఇది ఉత్తమం, నేర్పులేని చేతిలో ప్రమాదకరం. అసలు మ్యాపు నకలును భద్రపరచకుండా దానిని చెరిపివేయడం ఇంటి దస్తావేజును చించి క్రొత్తది వ్రాయించుకోవడం వంటిది.

ఈ విషయాలను ఒక ఇంటికి అన్వయించి చూడవచ్చు. కర్మాగారంలో పనిచేసే ఇరవై నాలుగేండ్ల యువకుడు ఒకడున్నాడని ఊహించాలి. వచ్చే వేసవిలో స్నేహితులతో లదాఖు వెళ్లాలని అతని సంకల్పం. పొదుపు చేసిన డబ్బుతో పూర్తి ఎక్జాస్టు, వెడల్పైన గాలి ఫిల్టరు, ట్యూనరు కొనాలని నిశ్చయించుకొన్నాడు. తండ్రి ససేమిరా అన్నాడు. ఇద్దరూ భోజనాల వేళ ముఖాలు చూసుకోవడం మానివేశారు. తల్లి ఇద్దరికీ వేరువేరుగా వడ్డిస్తోంది. ఆ ఇంట్లో ఒక సాయంకాలం తెల్ల కాగితం మీద లెక్క వేస్తే ఏం తేలుతుంది?

మొదటి లెక్క పెట్రోలుది. టాంకు పద్నాలుగు లీటర్లు, లీటరుకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లు అనుకొంటే ఒక నింపుడుకు 392 కిలోమీటర్లు. ట్యూనరు మిశ్రమాన్ని చిక్కబరచగా మైలేజీ ఇరవై ఐదుకు పడితే 350. నలభై రెండు కిలోమీటర్లు తగ్గాయి. హోసూరు, సేలం నడుమ ఈ తగ్గుదల ఎవరికీ పట్టదు. బంకుకు, బంకుకు మధ్య వందల కిలోమీటర్ల కొండదారి ఉన్న చోట ఆ నలభై రెండే ప్రాణాధారం.

రెండవ లెక్క ఎత్తుది. సముద్ర మట్టానికి అయిదు వేల మీటర్ల ఎత్తున గాలి పీడనం క్రింద ఉన్నదానిలో సగానికి కొంచెం పైన మాత్రమే ఉంటుంది. బండి కంప్యూటరు పీడనాన్ని కొలిచి పెట్రోలును తగ్గించుకొంటుంది. సెన్సారును మభ్యపెట్టే పరికరం ఆ తగ్గింపులో జోక్యం చేసుకొంటుంది. గాలి సగమైన చోట ఇంజను బలం కూడ ఇంచుమించు సగమవుతుంది. ఏ సైలెన్సరూ ఆ లోటును పూడ్చలేదు. అక్కడ పనికివచ్చేది తగ్గు గేరు, ఓర్పు.

మూడవ లెక్క లాభానిది. కన్వర్టరును, సెన్సారును అట్లే ఉంచి, చివరి డబ్బాను మాత్రం మార్చితే వచ్చే బలం సాధారణంగా చాలా స్వల్పం. బండి మీద కూర్చొన్నవానికి తెలియనంత. నిజమైన లాభం బరువు తగ్గడం. ఈ మార్పుకు చాలా బండ్లలో ట్యూనరు అవసరం రాదు. కంప్యూటరు తనంతట తాను సర్దుకొంటుంది. వంపు గొట్టంతో సహా అంతా మార్చి, గాలి ఫిల్టరును కూడ తెరిచివేస్తే అప్పుడు పట్టిక చాలదు. పూర్తి వేగంలో మిశ్రమం పలుచబడుతుంది, ట్యూనరు తప్పనిసరి అవుతుంది. అనగా మొదటి ఖర్చు రెండవ ఖర్చును పిలుస్తుంది. కొందరు సైలెన్సరు పటపటమని పేలడం బలానికి గుర్తనుకొంటారు. యాక్సిలరేటరు వదలినప్పుడు వినబడే ఆ పేలుడుకు తరచు కారణం అతుకుల దగ్గర గాలి చొరబడడమో, మండని పెట్రోలు గొట్టంలో మండడమో. అది రోగలక్షణమే గాని బలలక్షణం కాదు.

నాలుగవ లెక్క చట్టానిది. ఇది తండ్రికీ కొడుక్కీ సమానంగా తెలియవలసినది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. అనుమతించిన మార్పులకు ప్రత్యేక నియమాలున్నాయి. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు కూడ ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు కలిగింది. మోతకు, పొగకు సంబంధించిన ప్రమాణాలను ఉల్లంఘిస్తే మొదటిసారే పది వేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, దానితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఐరోపా ఆమోద ముద్ర ఉన్న సైలెన్సరని దుకాణదారు చెప్పవచ్చు. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన ఇక్కడి చట్టం ప్రకారం ఆమోదం లభించినట్లు కాదు. తయారీదారు వారంటీ, ఇన్సూరెన్సు కూడ అనుమతి లేని మార్పులను చూపి అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది. ప్రమాదం జరిగిన నాడు ఆ అభ్యంతరం విలువ లక్షలలో ఉండవచ్చు.

చట్టం చిన్నవారినే పట్టుకొంటుందని ఎవరూ అనుకోనక్కరలేదు. దూరప్రయాణపు బండ్లకు ప్రపంచమంతటా పేరుపడ్డ హార్లీ డేవిడ్‌సన్ సంస్థ 2008 నుండి అమెరికాలో సుమారు 3,40,000 సూపర్ ట్యూనర్లను అమ్మిందని, వాటి వలన బండ్లు అనుమతించిన మేరకు మించి కాలుష్యం వదలుతున్నాయని ఆ దేశపు పర్యావరణ సంస్థ ఆరోపించింది. అవి పందెపు బండ్ల కోసం ఉద్దేశించినవని కంపెనీ వాదించింది. 2016 ఆగస్టులో రాజీ కుదిరి, తప్పు ఒప్పుకోకుండానే కోటీ ఇరవై లక్షల డాలర్ల జరిమానా చెల్లించడానికి, అటువంటి ట్యూనర్ల అమ్మకం ఆపడానికి, డీలర్ల వద్ద మిగిలినవాటిని తిరిగి కొని ధ్వంసం చేయడానికి కంపెనీ అంగీకరించింది. వీధి చివరి షెడ్డులో అమర్చిన పరికరానికి, మహాసంస్థ అమ్మిన పరికరానికి న్యాయం ఒక్కటే: పది మంది పీల్చే గాలిని ఒకరి సరదా కోసం చెరపరాదు.

అయిదవది శబ్దపు లెక్క. భారతదేశంలో మోటారు సైకిళ్ల మోతకు తయారీ దశలోనే హద్దులున్నాయి. నిర్ణీత పరీక్షలో 80 సీసీ వరకు 75, 175 సీసీ వరకు 77, అంతకు మించినవాటికి 80 డెసిబెళ్లు దాటరాదు. డెసిబెళ్ల లెక్క కూడిక లెక్క కాదు. 80కి పది చేరి 90 అయితే మోత శక్తి పది రెట్లవుతుంది; పది బండ్లు ఒక్కసారిగా పోతే కలిగేంత మోత ఒక్క బండి చేసిందన్నమాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పాఠశాలలు, ఆసుపత్రులు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల మేరను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పగటివేళ అక్కడ హద్దు 50 డెసిబెళ్లు. ఈ అంకెల వెనుక పిల్లలున్నారు. సైలెన్సరు లోపలి జాలీ పీకివేసిన బండి ఒకటి పాఠశాల గోడ ప్రక్కగా పోతే ఉపాధ్యాయుడు వాక్యం మధ్యలో ఆగుతాడు. నలభై మంది పిల్లల తలలు కిటికీ వైపు తిరుగుతాయి. బండి పోయిన తరువాత వాక్యం మళ్లీ మొదలవుతుంది. తెగిన ధ్యాస మాత్రం అందరికీ అతకదు. ఆ నలభై మందిలో బండి నడిపినవాని తమ్ముడు కూడ ఉండవచ్చు.

పెద్ద మోత ప్రాణాలు కాపాడుతుందని, లారీ డ్రైవరుకు బండి ఉనికి తెలుస్తుందని ఒక వాదన ఉంది. సైలెన్సరు నోరు వెనుకకు తెరిచి ఉంటుంది. ప్రమాదం ఎక్కువగా ముందు నుండి, ప్రక్క నుండి వస్తుంది. మోతలో సింహభాగం చేరేది దాటిపోయిన వారి చెవులకే. నడిపేవాని చెవికి మాత్రం అది రోజంతా తప్పదు. నూరు కిలోమీటర్ల వేగంలో హెల్మెట్టు లోపల గాలి మోతే 90 డెసిబెళ్లు దాటుతుంది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెళ్లను క్షేమకరమైన హద్దుగా నిపుణులు చెబుతారు. ఆపై ప్రతి మూడు డెసిబెళ్లకు క్షేమకాలం సగమవుతుంది. ఎనిమిది గంటల దారిలో గాలి మోతకు సైలెన్సరు మోత తోడైతే చెవులు గింగురుమంటాయి, తల దిమ్మెక్కుతుంది, సాయంకాలానికి చూపు మందగిస్తుంది. పోయిన వినికిడి తిరిగిరాదు. షెడ్డులో రోజూ ఆ గొట్టాల ప్రక్కన కూర్చొని పనిచేసే పదిహేడేండ్ల కుర్రవాని చెవులను గురించి తలచేవారే లేరు.

అయితే బండికి ఏ మార్పూ చేయకూడదా? ఈ ప్రశ్నకు అవునని ఒక్క మాటలో తేల్చడం న్యాయం కాదు. చట్టం అనుమతించిన పరిధిలో వివేకంతో ఎంచుకొనేవానికి ఒక క్రమముంది.

మొదట ఉన్న బండిని ఉన్న స్థితిలో సరిచేయించాలి. గాలి ఫిల్టరు శుభ్రత, వాల్వుల సందు, చైను బిగుతు, టైర్లలో గాలి సరిచూస్తే బలం తగ్గిందన్న ఫిర్యాదులు చాలావరకు అక్కడే తీరిపోతాయి. పిమ్మట ప్రయాణం ఎటువంటిదో నిర్ణయించుకోవాలి: ఎంత దూరం, ఎంత బరువు, ఏ దారి. సైలెన్సరును ఎంచుకొనేటప్పుడు కన్వర్టరు, సెన్సారు అట్లే నిలిచేది, మోత తయారీ హద్దు దాటనిది, ఆమోద పత్రాలు చేతికి ఇచ్చేది మాత్రమే చూడాలి. ప్రక్క సంచులకు అది తగులుతుందా, వెనుక కూర్చొన్నవారి పాదానికి వేడి సోకుతుందా అని పరిశీలించాలి. ట్యూనరును ఎంచుకొనేవారు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ బండికి, ఈ సైలెన్సరుకు, ఇప్పటి ఇథనాలు పెట్రోలుకు సరిపోయే మ్యాపు ఉందా? అసలు మ్యాపును ఎప్పుడైనా తిరిగి ఎక్కించవచ్చునా? దారిలో చెడితే దానిని తీసివేసి బండిని నడపవచ్చునా? పొగ పరీక్షలో బండి నెగ్గుతుందా? ఒక్క ప్రశ్నకు సమాధానం లేకపోయినా కొనుగోలు మానుకోవడం మేలు.

అమర్చిన తరువాత మాటను నమ్మరాదు, కొలతను నమ్మాలి. చక్రాన్ని రోలరు మీద త్రిప్పి కొలిచే డైనమోమీటరు మీద మార్పుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి బలాన్ని, లాగుడును, గాలి పెట్రోలు పాళ్లను కొలిపించి రెండు కాగితాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడాలి. శిఖరం దగ్గరి అంకె కంటె మధ్య వేగంలోని గీత ముఖ్యం. ఆపై ఊరికి దగ్గరలోనే ఒక పరీక్షా ప్రయాణం చేయాలి. హోసూరు నుండి కృష్ణగిరి, ధర్మపురి మీదుగా సేలం చేరి, ఇరవై కొండ మలుపులు తిరిగి ఏర్కాడు ఎక్కివస్తే రహదారి, ఘాటు, ఎండ, చలి నాలుగూ ఒక్క రోజులో పరీక్షకు వస్తాయి. అక్కడ బయటపడిన లోపానికి మందు దగ్గరలోనే దొరుకుతుంది. మంచు కనుమ మీద బయటపడిన లోపానికి దొరకదు.

ఊహించుకొన్న ఇంటిలో ఆ సాయంకాలం కాగితం నిండే సరికి ఏం జరిగి ఉంటుంది? పూర్తి ఎక్జాస్టు, ట్యూనరు కొట్టివేత పడి ఉంటాయి. వాటి స్థానంలో మంచి టైర్లు, క్రొత్త బ్రేకు ప్యాడ్లు, చైను సెట్టు, నడుము నొప్పి పుట్టని సీటు, నాణ్యమైన హెల్మెట్టు, చెవుల్లో పెట్టుకొనే ప్లగ్గులు చేరి ఉంటాయి. ఇంకా కొంత డబ్బు మిగిలి ఉంటుంది. వీటికంటె ముఖ్యమైన లాభం మరొకటి. కొడుకు లదాఖు ప్రయాణానికి తండ్రి వద్దనలేదని, వద్దన్నది ఇంజనుకు కీడు చేసే పనినేనని ఇద్దరికీ తెలిసివస్తుంది. కొడుకు కోరికలో దురాశ లేదని, దూరాలు చూడాలన్న దాహమే ఉందని తండ్రికి అర్థమవుతుంది. చాటుగా చేయించవలసిన పని ఏదీ ఇక మిగలదు. ప్రయాణమై వెళ్లే రోజున తండ్రి స్వయంగా గాలి పట్టించి, టాంకు నింపించి పంపుతాడు. చాటుగా మార్చిన బండి కొండల మధ్య ఆగిపోతే ఇంటికి ఫోను చేయడానికి కొడుకు సంకోచిస్తాడు. చెప్పి బయలుదేరినవానికి ఆ సంకోచం ఉండదు. కొండలలో ప్రాణాన్ని కాపాడేది ఒక్కొక్కసారి ఆ ఫోను మాత్రమే.

తల్లిదండ్రులకు విన్నపం ఒక్కటే. పిల్లలను కాదనేముందు వారితో కూర్చొని లెక్క వేయండి. తెలియకపోతే భౌతికశాస్త్రం ఉపాధ్యాయులను అడగండి; తొమ్మిదో తరగతి శబ్దపాఠం, పదో తరగతి రసాయన పాఠం ఇందుకు చాలినన్ని అక్కరకు వస్తాయి. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లల చేతికి గేరు బండి తాళం ఇవ్వకండి. ఆ నేరానికి చట్టం బాధ్యులను చేసేది తల్లిదండ్రులనే. పరిశ్రమలో ఉన్నత స్థానాలలో ఉన్న పూర్వ విద్యార్థులు ఏడాదికొకసారి వచ్చి ఒక పాత ఇంజనును విప్పి చూపిస్తే పుస్తకంలో లేని పాఠం పిల్లలకు అబ్బుతుంది. దారులను ప్రేమించే యువకులు తాము చదివిన బడి గోడ దగ్గరకు వచ్చేసరికి యాక్సిలరేటరును కొంచెం వదలితే చాలు. గురుదక్షిణ వేరే అక్కరలేదు.

ఉత్ప్రేరకం ధర్మం విచిత్రమైనది. తాను కరగదు, తాను మండదు, తన పేరు బయట వినబడదు. దాని మీదుగా సాగిపోయినవి మాత్రం విషం విడిచి, నిర్మలమై లోకంలో కలుస్తాయి. డెబ్బై ఐదేండ్లుగా ఈ బడి గదులలో సుద్దముక్కలు పట్టుకొని నిలబడిన ఉపాధ్యాయులు చేసినది ఇటువంటి పనే. ఆ లోహాన్ని బండిలోనూ, ఆ ధర్మాన్ని బ్రతుకులోనూ పదిలపరచుకొన్నప్పుడు ప్లాటినం జూబిలీ అన్న పేరు ఈ ఉత్సవానికి సార్థకమవుతుంది.

అందరి ప్రయాణాలు క్షేమంగా సాగాలని, వెళ్లినవారంతా ఇల్లు చేరాలని ఆకాంక్షిస్తూ, స్వస్తి.